తీరకముందే సాక్ష్యం

శుక్రవారం ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెబుతుండగా బల్ల మీద నా ఫోన్ గుర్రుమంది. క్లాసులో ఫోన్ చూసే అలవాటు నాకు లేదు. చూసే టీచర్లంటే నాకు పడదు కూడా. భోజనం బెల్లు కొట్టాక స్టాఫ్ రూంకి వచ్చి చూస్తే, ఎవరిదో తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చి ఉంది. మా చెల్లెలు మాణిక్యం కొడుకు స్టీఫెన్ ముఖం. దాని మీద ఎర్రటి అక్షరాలతో దొంగ అని రాశారు. ఇతను అప్పు ఎగ్గొట్టి తిరుగుతున్నాడు, మీ పేరు హామీగా ఇచ్చాడు, మర్యాదగా మీరైనా కట్టండి అని కింద తప్పుల తెలుగులో రెండు ముక్కలు.

నాకు ముందు భయం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. నా నోరు మంచిది కాదని ఇబ్రహీంపట్నంలో మా హైస్కూల్లో చదివిన ఎవరినడిగినా చెబుతారు. ఆ నంబరుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. స్టీఫెన్‌కి చేశాను, స్విచాఫ్. అప్పుడు వేసింది భయం.

ఎందుకంటే వాడు ఫోన్ ఆపేసే మనిషి కాదు. మా చర్చిలో యూత్ సెక్రటరీ వాడే. ఏ ఇంట్లో ప్రార్థన కూడిక ఉందో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో సంఘమంతటికీ మెసేజీలు పెట్టేది వాడు. ఆదివారం మైకులు చూసేదీ వాడే. సంఘంలో ప్రతి ఇంటి నంబరూ వాడి ఫోన్లో ఉంటుంది. నాకు వచ్చిన ఫొటో ఆ నంబర్లన్నిటికీ వెళితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా నాకు మనసొప్పలేదు.

సగం రోజు సెలవు పెట్టి బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాను. స్టీఫెన్ ఐటీఐ అయ్యాక అక్కడ లారీల ఎలక్ట్రికల్ షాపులో చేరాడు. డైనమోలు, సెల్ఫ్ మోటార్లు, వైరింగు వాడి పని. షాపు ఓనరు ఉమామహేశ్ గారు నన్ను చూడగానే తన ఫోన్ చూపించారు. అదే ఫొటో. పొద్దుటి నుంచి ఎవరెవరో ఫోన్ చేసి బూతులు తిడుతున్నారని, తను మాత్రం కుర్రాణ్ణి ఒక్క మాట కూడా అనలేదని చెప్పారు. వాడే ఎవరి ముఖమూ చూడకుండా వెనకాల కూర్చున్నాడట.

వెనక ఇంజను దించేసిన పాత లారీ ఒకటి ఉంది. దాని డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు స్టీఫెన్. ఆ పక్క తలుపు తీసుకుని నేనూ ఎక్కి కూర్చున్నాను. తిట్టాలని దారిపొడవునా మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను. వాడి కళ్ళు చూశాక అవన్నీ మింగేశాను.

వాడే చెప్పుకొచ్చాడు. కొత్త లారీల్లో జబ్బు ఎక్కడుందో కనిపెట్టాలంటే స్కానర్ ఉండాలి. సొంతంగా స్కానర్ ఉన్నవాడికి ఆటోనగర్లో కూలి వేరే. ఎవరో పాతది ఎనిమిది వేలకి అమ్ముతామంటే వీడు ఫోన్లో ఒక లోన్ యాప్ పెట్టుకున్నాడు. పదివేలు అడిగితే అయిదు నిమిషాల్లో ఆరున్నర వేలు పడ్డాయి. మిగతా మూడున్నర ఫీజుల కింద కోసేశారు. వారం తిరక్కుండా పదివేలూ కట్టమన్నారు.

పదివేలని చెప్పి ఆరున్నర చేతిలో పెడితే నీకు అనుమానం రాలేదా అని అడిగాను.

"ఇక్కడ డైలీ ఫైనాన్స్ వాళ్ళు కూడా కటింగ్ చేసే ఇస్తారు కదా పెద్దమ్మా. మామూలే అనుకున్నా. వడ్డీ ఒక్క శాతం అనుంది. రూపాయి వడ్డీకి ఎవరిస్తారు ఈ రోజుల్లో అనుకుని తీసేసుకున్నా."

అదీ సంగతి. మనవాళ్ళకి అప్పంటే వడ్డీ ఒక్కటే తెలుసు. నూటికి నెలకి రూపాయా, రెండా అని అడుగుతారు. రెండయితే మర్యాదస్థుడు, అయిదయితే రాక్షసుడు. చేతికి ఎంత వస్తుంది, ఎన్ని రోజులకి ఎంత కట్టాలి అని ఎవరూ అడగరు. చీటీల వాళ్ళు, డైలీ వాళ్ళు ముందే కోసి ఇవ్వడం పుట్టినప్పటి నుంచీ చూసిన పిల్లలకి కోత కూడా వడ్డీయేనని తోచదు. తోచేలా చెప్పాల్సింది మాలాంటి వాళ్ళం. మేమేమో రాముడు బ్యాంకులో పదివేలు దాచెను అని లెక్క ఇచ్చి మార్కులు వేస్తాం.

లారీ అద్దం నిండా దుమ్ము పేరుకుని ఉంది. దాని మీద వేలితో రాయమన్నాను. చేతికొచ్చింది ఆరున్నర వేలు. వారానికి అదనంగా కట్టింది మూడున్నర. నూటికి ఎంత పడింది, నెలకి ఎంత పడుతుంది? వాడు చదువులో మొద్దేమీ కాదు. గీసి, కొట్టేసి, మళ్ళీ గీసి ఆగిపోయాడు.

"రెండువందల ముప్పై రూపాయల వడ్డీ పెద్దమ్మా."

ఆ మాట తన నోటితో తనే అన్నాక వాడి ముఖం మారింది. మిగతాదీ రాయించాను. ఒకటి తీర్చడానికి ఇంకొకటి, అది తీర్చడానికి మరొకటి తీసుకున్నాడు. అన్నీ కలిపి చేతికొచ్చింది ఇరవై రెండు వేలు. ఇప్పటికే కట్టింది నలభై ఒకటి. ఇంకా పద్దెనిమిది వేలు కావాలంటున్నారు. ఆదివారం ఉదయం పదింటికల్లా కట్టకపోతే బట్టల్లేని ఎవడి ఒంటికో వీడి తల అతికించిన ఫొటో ఫోన్లో ఉన్నవాళ్ళందరికీ పంపుతామన్నారు. మచ్చుకి వాడికొకటి పంపారు కూడా. వాడు నాకు చూపించలేదు, నేను అడగలేదు.

"నేను లేకపోతే ఎవరికీ ఫోన్లు రావు కదా పెద్దమ్మా," అన్నాడు అద్దంకేసి చూస్తూ.

వాడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. దారిలో బస్సులో కూడా వదల్లేదు. పక్కవాళ్ళు ఏమనుకున్నారో నాకు అనవసరం.

మాణిక్యం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. మా మరిది పోయాక ఆ జీతంతోనే వీణ్ణి పెంచింది. విషయమంతా విని అది ఏడవలేదు. లోపలికి వెళ్ళి మెడలో చైను తీసి కొంగున కట్టుకుని వచ్చింది. రేపు కుదువ పెట్టి కట్టేస్తానంది. పద్దెనిమిది వేలతో పరువు దక్కుతుందంటే అంతకంటే ఏం కావాలంది. కడితే పోయే పీడ కాదని, ఇదివరకు కట్టిన ప్రతిసారీ వాళ్ళు ఇంకా కావాలని మళ్ళీ వచ్చారని, ఇస్తాడని తెలిసినవాణ్ణే పట్టుకు పీడిస్తారని నేను చెప్పాను. అసలుకి దాదాపు రెట్టింపు కట్టాం, ఇక ఒక్క రూపాయి వెళ్ళడానికి వీల్లేదన్నాను. నా గొంతు కొంచెం పెద్దదే అయ్యుంటుంది.

"నీ కొడుకైతే ఇట్టాగే మాట్లాడేదానివా అక్కా?" అంది మాణిక్యం.

నాకు పిల్లల్లేరు. ఆ మాట నా చెల్లెలి నోట వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. చాలా నొప్పి పుట్టింది. అయినా లేచి రాలేదు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే స్టీఫెన్ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నాను. వాడు నిద్రపోయాడు, నేను పోలేదు.

శనివారం ఉదయం సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. తర్వాత స్టేషనుకి వెళ్ళి కాగితం కూడా ఇచ్చాం. అక్కడి ఎస్ఐ వయసులో నా శిష్యుల ఈడువాడు. ఓపిగ్గా విని, ఆ యాప్‌కి ఏ గుర్తింపూ లేదని, డబ్బు కట్టొద్దని, మెసేజీలు చెరపకుండా ఉంచమని చెప్పాడు. రేపటి ఫొటోలు ఆపగలరా అని అడిగితే మాత్రం, రేపటికల్లా అంటే మాట ఇవ్వలేనండీ అన్నాడు. అబద్ధం చెప్పనందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఫొటోలు వెళ్ళడం ఖాయం. అవి వెళ్ళకుండా ఆపడం మన చేతిలో లేదు. అవి చూసేవాళ్ళకి ముందే నిజం తెలిసి ఉండటం మాత్రం మన చేతిలో ఉంది. ఈ ఆలోచన రాగానే స్టేషను మెట్ల మీదే స్టీఫెన్‌తో అన్నాను, రేపు చర్చిలో సాక్ష్యాలప్పుడు నువ్వే లేచి చెప్పు అని. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

మా చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలు లేచి నలుగురిలో చెప్పుకోవాలి. ఉద్యోగం వచ్చిందని, ఆపరేషన్ బాగా జరిగిందని, వీసా వచ్చిందని చెబుతారు. కష్టాలూ చెబుతారు గానీ తీరిపోయాకే చెబుతారు. తీరని కష్టం చీటీ మీద రాసి పాస్టరు గారికి ఇస్తే ఆయన పేరు చెప్పకుండా ప్రార్థన చేస్తారు. నా చిన్నప్పటి నుంచీ పద్ధతి ఇదే. మధ్యలో ఉన్న కష్టం గురించి ఒక్కరు లేచి మాట్లాడగా నేను వినలేదు.

మధ్యాహ్నం పాస్టర్ ఏసుపాదం గారింటికి వెళ్ళాను. ఆయనకి ఇలాంటి ఫోన్ అప్పటికింకా రాలేదు. అంతా విని చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. కుర్రాడి మీద జాలి ఉంది, నా మీద గౌరవమూ ఉంది, కానీ ఆదివారం ఆరాధనలో లోన్ యాప్ సంగతేమిటన్న ఇబ్బందీ ఉంది. చిన్నపిల్లలు ఉంటారు, పెద్దలు ఉంటారు, కొత్తవాళ్ళు వస్తారు.

"ఇది ప్రార్థన మనవి అవుతుంది గానీ సాక్ష్యం అవదమ్మా. కష్టం తీరాక చెబితే సాక్ష్యం."

"తీరేదాకా ఆగితే మనవాడు మిగలడండీ అయ్యగారూ," అన్నాను.

ఆయన సరే అనీ అనలేదు, వద్దనీ అనలేదు. గేటు దాకా వచ్చి సాగనంపారు.

సాయంత్రం మాణిక్యం చైను కుదువ పెట్టి డబ్బు తెచ్చిందని స్టీఫెన్ చెప్పాడు. రేపు పదింటిలోపు కట్టేస్తుంది, నన్ను అడ్డం రావద్దందట. అడ్డం వెళ్ళలేదు. వాడితో మాత్రం ఒక మాట చెప్పాను. ఇది నేను చెప్పమన్నానని చెప్పేది కాదు, అమ్మ వద్దందని మానేదీ కాదు, నీ ఇష్టం, నువ్వు లేచినా లేవకపోయినా నేను నీ పక్కనే ఉంటానన్నాను. ఈ మాట అనడం నాకు ఎంత కష్టమైందో నన్నెరిగిన వాళ్ళకే తెలుస్తుంది. నలభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టే దాన్ని, ఒక్కణ్ణి లేపలేక ఊరుకున్నాను.

ఆదివారం తొమ్మిదింటికే స్టీఫెన్ వచ్చి మైకులు బిగించాడు. ఆడవాళ్ళ వైపు ముందు వరుసలో మాణిక్యం కూర్చుంది. ఒడిలో హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా వంక చూడలేదు. పాటలయ్యాయి. గోడ గడియారం పదికి దగ్గరపడింది. పాస్టరు గారు సాక్ష్యాలన్నారు. ఒకావిడ కోడలికి సుఖప్రసవమైందని చెప్పింది. థర్మల్ స్టేషన్లో పని చేసే ఒకాయన తన ఉద్యోగం పర్మనెంటయిందని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఎవరూ లేవలేదు.

స్టీఫెన్ ఆంప్లిఫయరు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. లేచి వెళ్ళి వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకురావాలని నా ప్రాణం కొట్టుకుంది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. పాస్టరు గారు ప్రసంగానికని బైబిలు తెరిచారు. వాడి వైపు ఒకసారి చూశారు. బైబిలు మళ్ళీ మూశారు.

"తొందరేం లేదు. ఇంకెవరన్నా ఉంటే రండి," అన్నారు.

అప్పుడు కదిలాడు స్టీఫెన్. వచ్చి మైకు పట్టుకున్నాడు. ప్రతివారం వాడు అందరికీ బిగించి ఇచ్చే మైకే అది.

"అందరికీ వందనాలు. నాది ఇంకా తీరలేదండీ. తీరకముందే చెబుతున్నా," అని మొదలుపెట్టాడు. స్కానర్ కోసం అప్పు చేశానని, వడ్డీ చూశాను గానీ చేతికెంత వస్తుందో, ఎప్పటికి కట్టాలో చూడలేదని చెప్పాడు. నెలకి నూటికి రెండువందల ముప్పై పడిందని చెప్పగానే మగవాళ్ళ వైపు గుసగుసలు లేచాయి. ఎంత తీసుకున్నాడో, ఎంత కట్టాడో, ఇంకా ఎంత అడుగుతున్నారో దాచకుండా చెప్పాడు. అప్పిచ్చేటప్పుడు ఫోన్లో నంబర్లన్నీ చూసుకోవచ్చా అని అడిగితే సరే అని నొక్కేశానని, అందువల్ల మీ అందరి నంబర్లూ వాళ్ళ చేతికి వెళ్ళాయని చెప్పి క్షమాపణ అడిగాడు. "మీకు నా ఫొటో వస్తుందండీ. అది నేను కాదు. దయచేసి ఎవరూ డబ్బులు కట్టొద్దు."

ఆ మాట పూర్తవుతుండగానే మొదలయ్యాయి. ఒక ఫోన్ టింగుమంది. దాని పక్కన ఇంకొకటి. సంచుల్లో, జేబుల్లో, కుర్చీల కింద చర్చి అంతా గుర్రుగుర్రుమంది. కొందరు తీసి చూశారు. చూసినవాళ్ళు వెంటనే ఫోన్ బోర్లించారు. ఒక ముసలాయన పక్కవాణ్ణి ఏమిటని అడిగాడు, వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నేను లేచి స్టీఫెన్ దగ్గరికి నడవబోయాను.

నాకంటే ముందు మాణిక్యం లేచింది. బ్యాగు జిప్పు తీసింది. బయటికి వెళ్ళి కట్టేస్తుందనుకున్నాను. అది ఫోన్ తీసి ఆ ఫొటో ఒకసారి నిదానంగా చూసింది. అందరి ముందూ చూసింది. తర్వాత కొడుకు చేతిలోంచి మైకు తీసుకుంది.

"ఇది నాకూ వచ్చింది. ముఖం నా కొడుకుదే. ఒళ్ళు మాత్రం వాడిది కాదు. కన్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలీదా?" అంది. "నిన్న చైను పెట్టి డబ్బులు తెచ్చా. రేపు వెళ్ళి విడిపించుకుంటా. ఎవరికన్నా ఏమన్నా అడగాలనుంటే వాణ్ణి అడగబాకండి, నన్నడగండి."

నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను. నా శిష్యులు సగం మంది అక్కడ ఉన్నారు, చూస్తే చూశారు.

సరిగ్గా అప్పుడు స్టీఫెన్ ఫోన్ మోగింది. వాళ్ళ నంబరు చూసి వాడు ఎత్తలేదు. పాస్టరు గారు వేదిక దిగి వచ్చి చెయ్యి చాపారు. ఫోన్ తీసుకుని, స్పీకరు ఎలా పెట్టాలో తెలియక వాణ్ణే పెట్టమన్నారు. తర్వాత దాన్ని మైకు దగ్గరికి తెచ్చారు.

"ఏరా, చూశారా మీ వాళ్ళు?" అంది అవతలి గొంతు. కుర్ర గొంతే. "ఇంకో పది నిమిషాలు చూస్తా. కట్టలేదనుకో, మీ పాస్టరుకి పంపిస్తా."

"పాస్టర్నే మాట్లాడుతున్నానయ్యా," అన్నారు ఏసుపాదం గారు. ఆయన ప్రసంగంలో కూడా అంత నెమ్మదిగా మాట్లాడగా నేను వినలేదు. "నాకూ ఇందాకే వచ్చింది. వాళ్ళమ్మకి వచ్చింది. సంఘమంతా ఇక్కడే కూర్చుని ఉంది, అందరికీ వచ్చింది. ఇంకెవరికి పంపుతావు?"

అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కాసేపు స్పీకర్లలో వినిపించింది. తర్వాత ఫోన్ కట్టయింది.

పాస్టరు గారు ఫోన్ వాడికి ఇచ్చి వేదిక ఎక్కారు. ప్రతివారం అడిగినట్టే, ఇంకా సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగారు.

యూత్ కూర్చునే వెనక వరుసల్లో ఒకమ్మాయి లేచింది. నా దగ్గర పదో తరగతి చదివిన పిల్ల, లెక్కల్లో నూటికి తొంభై దాటి తెచ్చుకుంది. నాదీ తీరలేదండీ, ఇలాంటి అప్పే, అంది. ఆ పిల్ల కూర్చోకముందే ఇంకో కుర్రాడు లేచాడు. ఆ తర్వాత గోడవార నుంచి అన్నదమ్ములిద్దరు ఒకేసారి లేచి, ఒకడి ముఖం ఒకడు చూసుకున్నారు. ఒకడి సంగతి ఒకడికి తెలియదు కాబోలు. నాకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంతమంది ఇన్నాళ్ళూ నా ఎదుటే కూర్చుని పాటలు పాడారు.

మాణిక్యం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. ఆ ఆదివారం మా చర్చిలో ప్రసంగం లేదు.